ఇంటింటి విజ్ఞానము: వాకిటి నీడ, ఆకాశపు లెక్క



మన యిండ్లలో గోడకు వ్రేలాడు పంచాంగమును ప్రతిదినము చూచువా రెవ్వరు? పురుషులు పెండ్లికో ప్రయాణమునకో ముహూర్తము కావలసినప్పుడు దాని నందుకొందురు. ఏకాదశి యెన్నడు, సంకటచవితి యెన్నడు, అమావాస్య యే వేళకు వచ్చు నని యనుదినమును చూచుకొనునది యింటి యిల్లాలు. చంద్రుని నడక నింత శ్రద్ధతో వెంబడించువారు వేధశాలలలో దక్క మరి యెక్కడను లేరు. అయినను ఆ లెక్క యెట్లు పుట్టినదో మనకు జెప్పినవారు లేరు. మనము నడిగినవారము కాము. ఈ నెల మేము దానిని గూర్చియే ముచ్చటింప దలచితిమి. అందులకు హేతువైన సంగతి భైంసాలో జరిగినది.

2025వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీ, ఆదివారము, భాద్రపద పూర్ణిమ. ఆనాడు మేము భైంసాలో బంధువుల యింట నుంటిమి. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము. ఆ యింటి యాడుబిడ్డ తొలికానుపునకు బుట్టింటికి వచ్చి యున్నది, ఏడవ మాసము. గ్రహణస్పర్శ రాత్రి 9 గంటల 57 నిమిషములకు. మోక్షము 1 గంట 26 నిమిషములకు. గ్రహణమునకు మూడు జాములు ముందుగనే భోజనము మానవలె నను ఆచారము చొప్పున మధ్యాహ్నము ఒంటిగంట మొదలు ఆ పిల్లకు అన్నము లేదు, నీరు లేదు. గది తలుపులు మూసి పరుండబెట్టిరి. కత్తిపీట దాచిరి, సూది దాచిరి, కదలవద్దనిరి. సాయంకాలము ఆరు గంటలకు ఆ పిల్ల పెదవు లెండిపోయి, "అమ్మా, గుక్కెడు నీళ్లియ్యరాదే" యని యడిగినది. తల్లి కన్నీరు పెట్టుకొనెనే గాని చెంబు ముట్టలేదు. కూతురిపై ప్రేమ లేక కాదు. పుట్టబోవు శిశువున కేమగునో యను భయము.

ఆ పిల్ల నాయనమ్మ యా యింటికి బెద్దదిక్కు. ఎనుబది యేండ్లు దాటినవి. చదువు కొద్ది, తెలివి మెండు. ఆమె పంచాంగమును మా చేతి కిచ్చి, "గిండ్ల ఏమున్నదో సదువు బిడ్డా" అనెను. మేము స్పర్శ, మోక్షముల కాలములను జదివితిమి. "గీ యేళ ముందుగాల్నే ఎట్ల రాసిండ్రు?" అని యామె యడిగెను. భూమి నీడ చంద్రునిపై బడుటయే గ్రహణమనియు, భూమి చంద్రుల నడకలు తెలిసియుండుటచేత ఏండ్లకు ముందుగనే నిమిషములతో గూడ లెక్క కట్టుదురనియు మేము చెప్పితిమి. ఆమె కొంతసే పూరకుండి, "లెక్కకు దొరికెటిది పామెట్లయితది? పాముకు గడియారం జూసి ఆకలయితదా?" అనెను. పిమ్మట తానే లేచి చెంబెడు నీరు తెచ్చి మనుమరాలి కిచ్చెను. జొన్నరొట్టెయు పప్పును దెప్పించి దగ్గర కూర్చుండి తినిపించెను. తల్లి మారు మాటాడలేదు.

రాత్రి మేమందరమును మిద్దె యెక్కితిమి. మబ్బులు కమ్ముచు విడుచు నుండెను. పది దాటిన రెండు మూడు నిమిషములకు చంద్రుని యంచు నొక్కినట్లు స్పష్టముగ గానవచ్చినది. పదునొకండు గంటలకు బింబమంతయు నీడలో మునిగి రాగిచెంబు రంగు దాల్చినది. ఆ స్థితి 82 నిమిషము లుండెను. గర్భిణియు చాపపై గూర్చుండి చూచినది. ఆమెకు దరువాత సుఖప్రసవ మైనది. కాని దానిని మేము సాక్ష్యముగ జూపము; ఒక్కరి సంగతి యెన్నడును శాస్త్రమునకు సాక్ష్యము కానేరదు. గ్రహణపు వెలుగువలన గర్భమునకు హాని కలుగు ననుటకు వైద్యశాస్త్రమున నిదర్శనము లేదు. పండ్రెండు గంటలు నీరు లేకుండుటవలన గర్భిణికి హాని కలుగు ననుట మాత్రము వైద్యులందరు చెప్పుదురు. ఇంతే మేము చెప్పదగినది.

ఇక లెక్క సంగతి. ప్రతి పూర్ణిమకు గ్రహణ మేల రాదు? రెండు గాజులను దీసికొనుడు. ఒకదానిలో నొకటి యిమిడించి లోపలిదానిని కొంచెము వాల్చుడు. అవి రెండు చోట్ల మాత్రమే యొకదాని నొకటి దాటును. పెద్దగాజు సూర్యుడు నడచునట్లు కానవచ్చు మార్గము. చిన్నగాజు చంద్రుని మార్గము. వాని వాలు సుమారు 5 అంశలు. ఆ రెండు కూడళ్లకే మన పెద్దలు రాహువు, కేతువు అని పేరిడిరి. పూర్ణిమనాడు చంద్రుడు కూడలి చేరువ నున్నయెడల భూమి నీడలో బడును. లేనియెడల నీడకు మీదుగనో క్రిందుగనో తప్పుకొని పోవును. ఆ కూడళ్లును నిలుకడగ నుండక వెనుకకు జరుగుచు సుమారు 18 సంవత్సరముల 7 నెలలకు ఒక చుట్టు తిరుగును. రాహువు పామును గాదు, రాక్షసుడును గాదు. రెండు దారులు కలియు చోటు.

ఇది నేటి పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. క్రీ. శ. 499లో ఇరువదిమూడేండ్ల వయస్సున నున్న ఆర్యభటుడు తన ఆర్యభటీయమున చంద్రుడు సూర్యుని గప్పుటయు, భూచ్ఛాయ చంద్రుని గప్పుటయు గ్రహణములని స్పష్టముగ వ్రాసెను. నక్షత్రములు పడమటికి బోవునట్లు కానవచ్చుటకు భూమి తన్ను దాను తిరుగుటయే కారణమని గూడ నాతడు చెప్పెను. పడవలో ముందునకు బోవువానికి ఒడ్డున నున్న చెట్లు వెనుకకు బోవునట్లు తోచుట యాతడిచ్చిన దృష్టాంతము. భూమి సూర్యుని జుట్టు తిరుగునని మాత్ర మాతడు చెప్పలేదు. ఆ మాటను కోపర్నికసు 1543లో ప్రకటించెను. భూభ్రమణ వాదమును మన దేశముననే బ్రహ్మగుప్తుడు 628లో ఖండించెను. పెద్ద లొకరి నొకరు ప్రశ్నించుచుండుటచేతనే యీ శాస్త్రము పెరిగినది.

మన పంచాంగకర్తలు విశేషముగ నాశ్రయించినది సూర్యసిద్ధాంతము. అందలి లెక్క పెద్దది గాని పద్ధతి యింటి లెక్కయే. ఒక మహాయుగమున 43,20,000 సౌరవర్షములు; ఆ కాలమున చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగును; దినములు 1,57,79,17,828. చంద్రుని చుట్లనుండి సూర్యుని చుట్లను దీసివేసిన మిగులునవి చాంద్రమాసములు. దినములను వానిచే భాగించిన మాసమునకు 29 దినములు, 12 గంటలు, 44 నిమిషములు, సుమారు 3 సెకనులు వచ్చును. నేటి వేధశాలల గణనతో దీనికి ఒక సెకనైనను భేదము లేదు. దుర్భిణి లేని కాలమున, కంటి చూపును నీటిగడియారమును నమ్ముకొని తరతరములు గ్రహణములను గుర్తుంచుకొని వ్రాసిపెట్టినవారి ఫల మిది.

సంస్కృతము రానివారి కీ విద్య యందదా యని యడుగుదురేమో. క్రీ. శ. 12వ శతాబ్దముననే మల్లికార్జునసూరి యను నాంధ్ర జ్యోతిషికుడు సూర్యసిద్ధాంతమునకు తెలుగున వ్యాఖ్య వ్రాసెను. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. లెక్కకును నక్షత్రములకును తెలుగు చాలదను మాట యెనిమిది వందల యేండ్ల క్రిందటనే తీరినది.

తిథి యన నేమి? గుడి చుట్టు ఇద్దరు ప్రదక్షిణము చేయుచున్నా రనుకొనుడు. ఒకరు ముసలి యడుగులతో మెల్లగ, ఒకరు పరుగువంటి నడకతో. మెల్లని నడక సూర్యునిది, దినమునకు సుమారు ఒక అంశ. వడిగల నడక చంద్రునిది, సుమారు 13 అంశలు. ఇద్దరును గలసియున్న క్షణము అమావాస్య. అటుపిమ్మట వారి నడుమ నెడము 12 అంశలు పెరుగునప్పుడెల్ల ఒక తిథి గడచును. చంద్రుడు భూమికి జేరువగ నున్నప్పుడు వేగముగను, దూరమున నున్నప్పుడు మెల్లగను నడచును. అందువలన తిథి యొకప్పుడు 20 గంటలకే తీరును, ఒకప్పుడు 27 గంటలకు సాగును. క్షయతిథి, వృద్ధితిథి యని మనము చెప్పుకొనునవి యిట్లు పుట్టినవే. ఈ హెచ్చుతగ్గులకు మన సిద్ధాంతకర్తలు చిన్న వలయములతో సవరణ కట్టిరి. గ్రహముల మార్గము కోడిగ్రుడ్డువలె కొంచెము సాగిన వలయమని కెప్లరు 1609లో కనుగొనగా, అట్లేల యుండునో న్యూటను 1687లో తెలిపెను.

అట్లయిన రెండు పంచాంగము లేకాదశి ముగియు వేళను రెండు విధముల జెప్పుట యేల? పాత లెక్కలో చాంద్రమాసము సరిగ నున్నను సంవత్సరము కొంచెము పెద్దది. సూర్యసిద్ధాంత వర్షము 365 దినముల 6 గంటల 12 నిమిషముల 36 సెకనులు. నేటి కొలతతో నక్షత్రవర్షము 365 దినముల 6 గంటల 9 నిమిషముల 10 సెకనులు. భేదము ఏటికి మూడున్నర నిమిషములకు లోపే గాని వేయి యేండ్లకు రెండు దినములు దాటును. చంద్రుని నడకలోని చిన్నచిన్న హెచ్చుతగ్గులు కొన్ని పూర్వులకు దెలియవు. ఎప్పటికప్పుడు ఆకాశమును జూచి దిద్దుకొనవలె నను వారిది దృగ్గణితము. పాత యంకెలనే పట్టుకొనువారిది పూర్వపద్ధతి. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన భారతప్రభుత్వము పంచాంగ సంస్కరణ సంఘము నేర్పరచెను. దాని సిఫారసుపై 1957 మార్చి 22 మొదలు జాతీయ పంచాంగము ప్రచారమునకు వచ్చినది. ఏది యాచరింపవలె ననునది మీ యింటి పెద్దల విషయము. గ్రహణము మాత్రము ఎవరి పక్షమును వహింపక ఆకాశముననే తీర్పు చెప్పును. అందుచేతనే పూర్వులు గ్రహణమును లెక్కకు బరీక్షగ బెట్టుకొనిరి.

మన ప్రాంతమునను అట్టి పరీక్ష జరిగినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కనును దాటి తూర్పు తీరమునకు బోయెను. ఫ్రాన్సునుండి జాన్సను పండితుడు గుంటూరునకు వచ్చి సూర్యుని యంచున లేచు జ్వాలలను వర్ణదర్శినితో బరీక్షించెను. అదే దినమున నిజాము రాజ్యమునందలి వనపర్తిలో నిలిచి చూచినవాడు మద్రాసు వేధశాలకు జెందిన చింతామణి రఘునాథాచారి. పంచాంగములు గట్టు కుటుంబమున బుట్టి, దుర్భిణి పట్టిన మనిషి యాతడు. 1874లో శుక్రుడు సూర్యబింబము మీదుగ దాటబోవుచున్నాడని దేశభాషలలో పుస్తకము ప్రకటించి, ఇందు భయకారణ మేమియు లేదని జనులకు దెలుప బ్రయత్నించెను. పాతలెక్క తెలిసినవాడే క్రొత్తలెక్కను ముందుగ నాదరించుట మీరు గమనింపుడు.

హైదరాబాదులో నవాబు జఫరుజంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమును పలు దేశములవారు పాళ్లుగ బంచుకొని ఛాయాచిత్రములు దీసిన మహాకార్యమున ఒక పాలు వహించెను. ఆ కార్యముననే రోమునగరపు వాటికను వేధశాల పాలునకు వచ్చిన చిత్రపు పలకలను గొలిచినవారు నలుగురు సన్న్యాసినులు. వా రొక్కొక్క చుక్క స్థానమును గుర్తించుచు నాలుగు లక్షల యెనుబది వేలకు పైగ నక్షత్రములను లెక్కలో జేర్చిరి. బియ్యములో రాళ్ల నేరు ఓర్పు, ముగ్గులో చుక్కల గుణించు చూపు గల మనకు ఈ పని కొత్త యనిపించునా?

దుర్భిణి లేనివారును చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదము. ఇది సూర్యసిద్ధాంతమునందలి శంకువు. పండ్రెండు వ్రేళ్ల వెడల్పు పొడవు గల తిన్నని పుల్లను వాకిట సమమైన నేలపై నిట్టనిలువుగ నాటుడు. పుల్ల మొదలు నడిమిగ ఒక వలయము ముగ్గుతో గీయుడు. ఉదయము నీడ కొన వలయమును దాకి లోనికి వచ్చు చోటను, సాయంకాలము వెలికి బోవు చోటను గుర్తులు పెట్టుడు. ఆ రెండింటిని గలిపిన గీత తూర్పు పడమరలు. ఇల్లు కట్టునప్పుడు దిక్కులు పట్టుట కిదియే పూర్వపు టుపాయము.

భైంసా భూమధ్యరేఖకు ఉత్తరముగ సుమారు 19 అంశల దూరమున నున్నది. అందువలన పగలు రాత్రి సమానమగు మార్చి 20, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతమున మిట్టమధ్యాహ్నపు నీడ యక్కడ నాలుగు వ్రేళ్లకు కొంచె మెక్కువ. ఢిల్లీలో ఆరున్నర, మద్రాసులో మూడింటికి తక్కువ. ఊరి నీడయే ఊరి యునికిని జెప్పును. డిసెంబరు 22 ప్రాంతమున భైంసా నీడ పదునొకండు వ్రేళ్లకు సాగును. మే 16 ప్రాంతమున మధ్యాహ్నము పుల్లకు నీడయే యుండదు. జూలై 27 ప్రాంతమున మరల నట్లే. ఆ నడుమ దినములలో మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు బడును.

మధ్యాహ్న మనగా గడియారమున పండ్రెండు కాదు సుమా. మన గడియారములు 82½ అంశల రేఖను బట్టి నడచును; భైంసా సుమారు 78 అంశల మీద నున్నది. కావున నచ్చట సూర్యుడు నడినెత్తికి వచ్చుట సగటున 12 గంటల 18 నిమిషములకు. నెలను బట్టి యది పదునైదు నిమిషముల వరకు ముందు వెనుక లగును. పూర్వులు ఉజ్జయినిని బట్టి యిదే సవరణ చేసి దేశాంతర మనిరి. ఉజ్జయినికిని భైంసాకును భేదము సుమారు 22 విఘడియలు, అనగా 9 నిమిషములు. ఒక యూరి పంచాంగమును మరియొక యూరిలో అట్లే వాడరాదని పెద్ద లనుట యిందులకే.

ఆ పుల్ల మరియొక రహస్యమును జెప్పును. డిసెంబరు 22 పిమ్మట నీడ కురుచ గాజొచ్చును. అనగా సూర్యుడు ఉత్తరమునకు మరలినా డన్నమాట. మన మకరసంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. ఒకప్పుడీ రెండు నొక్కనాడే వచ్చెడివి. భూమి బొంగరమువలె మెల్లగ దలయూచుటచేత సుమారు 72 ఏండ్ల కొక అంశ చొప్పున అవి యెడమైనవి. మన గ్రంథములలో దీని పేరు అయనచలనము.

సోదరీమణులారా, చంద్రగ్రహణమును వట్టి కన్నులతో జూడవచ్చును. సూర్యగ్రహణమును మాత్రము తగిన కండ్లద్దములు లేక యెవ్వరును చూడరాదు. మసిపట్టిన గాజుముక్క గాని నీటితొట్టి గాని చాలదు. ఈ జాగ్రత్త గర్భిణులకే కాదు, అందరికి నొక్కటే. స్నానము, జపము చేయగోరువారు చేసికొనవచ్చును. మేము వానిని గూర్చి తగవు పెట్టుకొనము. కాని దాహము గొన్న గర్భిణికి నీరు నిరాకరించు మని యే లెక్కయు చెప్పలేదు.

భైంసా వృద్ధురాలు బడికి బోయి నేర్చినది కొంచెమే. వ్రాసిన వేళకు వచ్చిన గ్రహణము భయపడవలసినది కాదని యామె యొక్క ప్రశ్నతో దెలిసికొనెను. ఆ ప్రశ్న మన మందరమును అడుగవచ్చును. వచ్చు సమరాత్రిదినమున మీ వాకిట పుల్ల నాటి నీడను గొలిచి, పిల్లలచే వ్రాయించి, మీ యూరి పేరుతో మాకు దెలుపుడు. ఏ యూరి నీడ యెన్ని వ్రేళ్లో వచ్చు సంచికలలో ప్రకటింతుము. మరల గ్రహణము వచ్చిననాడు చెంబును దాచకుడు. మిద్దెపై చాప పరచుడు.